వదిలినట్టే

“పొరపాటు నా ప్లానులోనే జరిగిందని డాక్టరమ్మతో చెప్పు. అంతే! నాలుక అరిగిపోతుందా?”

మొగుడు భోజనాల బల్ల చుట్టూ తిరుగుతూనే ఈ మాట అన్నాడు. కాలుగాలిన పిల్లి కూడా ఎక్కడో ఒకచోట ఆగుతుంది, ఈయన ఆగడం లేదు. చేతిలో ఫోను మోగుతోంది. చూస్తున్నాడు, ఎత్తడం లేదు.

ఫోను చేస్తున్నవాడు లారీ డ్రైవరు. వీళ్ళ కంపెనీ డాక్టరమ్మకి కట్టిపెడుతున్న ఆస్పత్రి కొత్త బిల్డింగు వెనక వీధిలో పొద్దున్నే లారీ ఆపుకుని కూర్చున్నాడు. లారీ మీద స్కానింగు యంత్రం, పక్కన దాన్ని దించడానికి క్రేను. యంత్రం లోపలికి వెళ్ళాల్సిన చోట మాత్రం గోడ ఉంది. ప్లాస్టరింగు చేసి, నున్నగా తీసి, రంగు కూడా వేసిన గోడ.

“చెప్పను,” అంది ప్లానమ్మ.

ప్లానమ్మ అన్నది సైటులో పనివాళ్ళు పెట్టిన పేరు. ఆవిడ ఈ ఇంటి కోడలు, మావగారి కంపెనీలో ప్లానింగు ఇంజనీరు. ఏ పని తర్వాత ఏ పని మొదలవ్వాలో, ఏది పూర్తయ్యేదాకా ఏది ముట్టుకోకూడదో రాసిపెట్టడం ఆవిడ ఉద్యోగం. రాసింది చదవకపోవడం మొగుడుగారి ఉద్యోగం. సైటు మేనేజరు హోదాలో ఆయన ఆ ఉద్యోగాన్ని ఎంతో శ్రద్ధగా చేస్తున్నాడు. పనివాళ్ళు ఆయనకీ ఓ పేరు పెట్టారు, ఫినిషింగు బాబు అని. పునాది తవ్వే రోజు ఆయన జాడ ఉండదు. రంగులు వేసే రోజు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని దిగుతాడు.

“నా ప్లానులో ఏముందండీ? వెనక గోడ ఒక పక్క వదిలెయ్యాలి, యంత్రం లోపలికి దింపాకే కట్టాలి అని ఉంది. ఎర్ర రంగులో ఉంది. అది చాలదా, వీధిలో చాటింపు వేయించాలా?”

“ఆ ఎరుపే! ఆ ఎరుపుతోనే వచ్చింది తంటా అంతా! ఆఫీసు గోడకి నీ చార్టు తగిలించావు. అన్నీ ఆకుపచ్చగా ఉంటే అదొక్కటి ఎర్రగా. వచ్చిన ప్రతివాడి కళ్ళూ దాని మీదే. ‘ఏం బాబూ, గోడలింకా పూర్తి చెయ్యలేదా’ అని అడిగితే నేనేం చెప్పను?”

“మిషను రావాలి, వచ్చాక కడతాం అని చెప్పాలి.”

“ఎంతమందికని చెప్పమంటావ్? పైగా పేపరువాళ్ళు ఫొటోలు తియ్యడానికి వస్తామన్నారు. బిల్డింగంతా కళకళలాడిపోతుంటే వెనకాల అంత కన్నమా? ముందు పళ్ళు ఊడినట్టు లేదూ?”

“అందుకని కట్టేశారు.”

“కట్టేశాను. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది.”

ఆయన మొహంలో ఇప్పటికీ కాస్త గర్వం కనపడింది. ప్లానమ్మకి ఒళ్ళు మండిపోయింది.

బల్లకి ఆ చివర మావగారు చల్లారిపోయిన కాఫీ ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఊళ్ళో అందరూ ఆయన్ని పెద్ద మేస్త్రి అంటారు. తాపీ పట్టుకుని మొదలుపెట్టి కంపెనీ దాకా వచ్చిన మనిషి. పనుల వరసంతా ఆయన బుర్రలోనే ఉండేది, కాగితం మీద పెట్టే అలవాటు ఎప్పుడూ లేదు. పెద్ద పనులు కావాలంటే ప్లానింగు చేసే మనిషి ఉండి తీరాలని పనులిచ్చేవాళ్ళు పట్టుబట్టాక, ఇంట్లో చదువుకున్న కోడలుంది కదా అని కుర్చీ వేశారు. కుర్చీ వేశారేగానీ, ఆ కుర్చీలోంచి వచ్చే మాట వినాలని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. ఆవిడ గీసిన చార్టు వాళ్ళ దృష్టిలో రంగుల కాగితం. చుట్టాలొస్తే చూపించడానికి బాగుంటుంది.

ఆ ఇంటి మాటతీరు కూడా ఆవిడకి కొత్తల్లో అర్థమయ్యేది కాదు. పిల్లర్లు అయ్యాయా అంటే “అయినట్టే.” సిమెంటు వచ్చిందా అంటే “వచ్చినట్టే.” మొదట్లో పాపం నమ్మింది. తర్వాత్తర్వాత తెలిసింది, ఆ ఇంట్లో “అయినట్టే” అంటే మొదలుపెట్టలేదని, “వచ్చినట్టే” అంటే ఇంకా ఎవరికీ చెప్పలేదని. తండ్రి నోట ఈ మాట ఎప్పుడైనా వినపడేది. కొడుకు మాత్రం దీన్ని ఆస్తి కింద రాయించుకున్నాడు. తెలిసిన దగ్గర్నుంచీ ప్లానమ్మ అలాంటి మాట వింటే సైటుకి వెళ్ళి కళ్ళతో చూసుకునేది.

ఒక్కసారి చూసుకోలేదు.

ఆ రోజు యంత్రం కంపెనీ వాళ్ళతో ఒక ఫోనులో మాట్లాడుతూ రెండో ఫోనులో మొగుణ్ణి అడిగింది, “వెనక పక్క వదిలారా?” అని. అట్నుంచి “వదిలినట్టే” అని వినపడింది. కట్టడం అయినట్టే అంటే అనుమానించేది. వదిలినట్టే అంటే ఏం అనుమానించాలి? వదలడానికి ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు, చేతులు కట్టుకుని కూర్చుంటే చాలు. చేతులు కట్టుకుని కూర్చోవడం కూడా ఈ మనిషి సరిగ్గా చెయ్యలేడని ఆవిడకి తట్టలేదు. వదిలారనే రాసుకుంది. లారీ బయల్దేరమని కబురు చేసింది.

“అమ్మాయ్,” అంది అత్తగారు వంటింటి గుమ్మంలోంచి. ఇంతసేపూ ఆవిడ గిన్నెల చప్పుడుతోనే తన అభిప్రాయం చెప్తూ వచ్చింది. “మొగుడి పొరపాటు కాస్త నెత్తినేసుకుంటే నీ సొమ్మేం పోయిందే?”

“నా పేరు పోతుంది అత్తయ్యగారూ. యంత్రం రాకముందే గోడ కట్టెయ్యమని రాసిన ప్లానింగు ఇంజనీరు అంటే ఇంకెవరైనా పనిస్తారా నాకు? వినేవాళ్ళు పగలబడి నవ్వుతారు.”

“నవ్వితే నవ్వనీ. ఆడదానివి, నిన్నెవరేమంటారు? వాడు మగాడు, పదిమందిలో తిరిగేవాడు. వాడికి ఇదే బతుకు.”

“నాకు మాత్రం కాదా?”

“నీకు సరదా.”

గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలైంది. ఆ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఎండలో తిరిగి, బురద తొక్కి, మెట్లు లేని అంతస్తులకి నిచ్చెన మీద ఎక్కి చేసిందంతా సరదా అట. ప్లానమ్మ మావగారి వంక చూసింది. ఆయనైనా ఆ మాట తప్పంటారని చూసింది. ఆయన గ్లాసులో మీగడని వేలితో పక్కకి నెడుతూ ఉండిపోయారు.

“డాక్టరమ్మకి కోపమొస్తే రెండో బిల్డింగు చేజారిపోతుంది. అది అర్థమవుతోందా నీకు?” అన్నాడు మొగుడు. “దీనికి రెండింతలుంటుంది ఆ పని. నన్ను తప్పుబడితే కంపెనీని తప్పుబట్టినట్టు. నిన్ను తప్పుబడితే నిన్ను మార్చేస్తామని చెప్పి బయటపడతాం. కంపెనీ కోసం ఆలోచించు.”

“మార్చేస్తారా?”

“మాటవరసకి.”

“బోర్డు మీద నా పేరు?”

ఆయన ఫోను వంక చూసుకున్నాడు. సైటు ముందు బోర్డు మీద అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో ఆవిడ పేరుంది. అది రాయించుకోవడానికే ఎన్నోసార్లు అడగాల్సి వచ్చింది.

“తుడిపించేశారా?” అంది ప్లానమ్మ.

ఆయన ఫోను జేబులో పెట్టుకుని చొక్కా గుండీలు సర్దుకున్నాడు. ఆవిడకి అర్థమైంది. రాత్రే పెయింటరుకి పురమాయించి ఉంటాడు. ఇలాంటి పనులు మాత్రం ఈయన చేతిలో ఆలస్యం కావు.

“ఇక చాలు,” అన్నారు పెద్ద మేస్త్రి కుర్చీ వెనక్కి జరిపి. “సైటుకి పోదాం పదండి. డాక్టరమ్మ వచ్చే వేళయింది. అక్కడ మీరిద్దరూ నోరెత్తొద్దు. నేను మాట్లాడతాను.”

ఆ మాటకి ప్లానమ్మ ప్రాణం కుదుటపడింది. ఏమైనా పెద్దాయన పని తెలిసిన మనిషి. కట్టినవాడెవడో, కట్టొద్దన్నదెవరో ఆయనకి ఒకరు చెప్పాలా?

కారులో ముగ్గురూ మూడు దిక్కులు చూస్తూ కూర్చున్నారు.

గోడ నిజంగానే ముచ్చటగా ఉంది. పిల్లర్లు వంకరపోతే పట్టించుకోని మనిషి, కట్టకూడని గోడని మాత్రం నూలుదారం పట్టి వంకర లేకుండా కట్టించాడు. లోపలి కిరణాలు బయటికి రాకూడదు కాబట్టి స్కానింగు గది గోడలు మామూలు వాటికంటే మందం. ఆ మందం కూడా ఎక్కడా తగ్గనివ్వలేదు. పైగా లోపలివైపు ఓ గడియారం తగిలించాడు. ఫొటో కోసం అట.

లారీ డ్రైవరు టైరు పక్కన తువ్వాలు పరుచుకుని కూర్చుని వాళ్ళని చూడగానే లేచాడు.

“ఇటు పక్క నుంచే పెట్టాలన్నారు గదండీ. తలుపేదండీ?”

“ఉండవయ్యా,” అన్నాడు ఫినిషింగు బాబు.

“ఉంటానండీ. ఉండడానికేం. మిషను ఉంటుందో లేదో చూసుకోండి. ఎండలో పెట్టొద్దని పెట్టె మీదే రాసుంది.”

పలుగులు, సమ్మెటలు పట్టుకుని ఓ నలుగురు పనివాళ్ళు గోడ నీడలో నిలబడి ఉన్నారు. వాళ్ళు నవ్వు ఆపుకోవడానికి పడుతున్న అవస్థ ఇంతా అంతా కాదు. తాము కట్టిన గోడ, తామే కూల్చాలి. రెండింటికీ కూలి వస్తుంది. ఇంతకన్నా మంచి మేనేజరు వాళ్ళకి ఎక్కడ దొరుకుతాడు?

డాక్టరమ్మ కారు దిగి సరాసరి గోడ దగ్గరికొచ్చింది. పొట్టిగా, తెల్ల జుట్టుతో ఉంటుంది. గోడని అరచేత్తో తట్టి చూసింది. లారీ వంక చూసింది.

“ఏంటిది మేస్త్రిగారూ?”

పెద్ద మేస్త్రి గొంతు సవరించుకున్నారు. కొడుకు వంక చూడలేదు, కోడలి వంక చూడలేదు. గోడ వంకే చూస్తూ అన్నారు.

“చిన్న పొరపాటు జరిగిందమ్మా. ప్లానులో. మా కోడలు ఇంకా కొత్త… నేర్చుకుంటుంది. ఇక మీదట ఆ పని మావాడే చూసుకుంటాడు.”

ప్లానమ్మకి మొగుడి దగ్గర్నుంచి ఇదే వస్తుందని తెలుసు. అత్తగారి దగ్గర్నుంచీ తెలుసు. ఈయన నోటి నుంచి వస్తుందని మాత్రం అనుకోలేదు. ఇటుక వంకరగా పెట్టిన పనివాణ్ణి సైతం వాడి మొహం మీదే తిట్టే మనిషి ఈయన.

డాక్టరమ్మ ఆవిడ వైపు తిరిగింది. “ప్లాను నీదేనా అమ్మాయ్?”

మొగుడు కళ్ళతో సైగ చేస్తున్నాడు. మావగారు భుజం మీద కండువా సర్దుకుంటున్నారు.

“ప్లాను నాదేనండీ,” అంది ప్లానమ్మ. “గోడ మాత్రం వీరిది.”

“ఏమే!” అన్నాడు మొగుడు.

“ఆగండి. నా తప్పు కూడా చెప్పనివ్వండి. ఈ పక్క వదిలారా అని ఫోనులో అడిగానండీ. వదిలినట్టే అన్నారు. వచ్చి కళ్ళతో చూడకుండా లారీ బయల్దేరమన్నాను. ఆ తప్పు నాది, ఒప్పుకుంటాను. మిగతాది నాది కాదు.”

డాక్టరమ్మ ఫినిషింగు బాబుని కిందనుంచి పైదాకా చూసింది. “వదిలినట్టే అంటే ఏంటి బాబూ?”

“అంటే… వదిలే ఉద్దేశంలోనే ఉన్నామండీ అప్పటికి.”

“మరి కట్టేశారు?”

“ఫొటోలకి బాగోలేదని, తాత్కాలికంగా…”

“తాత్కాలికంగా రంగులు కూడా వేశారా?”

పనివాళ్ళలో ఒకడికి దగ్గొచ్చింది. అది దగ్గు కాదని అందరికీ తెలుసు.

“రేపు మీకు కడుపులో నొప్పొచ్చి నా దగ్గరికొస్తారనుకోండి,” అంది డాక్టరమ్మ. “నేను కోసి, కుట్టినట్టే అని చెప్పి ఇంటికి పంపిస్తాను. వెళ్తారా?”

ఫినిషింగు బాబు నల్ల కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆయనకి తెలిసిన సమాధానం అదొక్కటే.

“సరే. ఇప్పుడేం చెయ్యాలో ఎవరైనా చెప్తారా?”

“పగలగొట్టేస్తామండీ! సాయంత్రానికల్లా మిషను లోపల ఉంటుంది,” అన్నాడాయన ఉత్సాహంగా. “ఒరేయ్, మొదలెట్టండిరా!”

పనివాళ్ళు కదల్లేదు. ప్లానమ్మ వంక చూశారు.

“సాయంత్రానికి కుదరదండీ,” అంది ఆవిడ డాక్టరమ్మతో. “ఈ గోడలోంచి కరెంటు వైర్లు వేశారు. ముందు అవి ఎటు పోతున్నాయో చూసి, ఇటువైపు కరెంటు తీసెయ్యాలి. పక్క గదిలో మీ సామాను దుమ్ము పడకుండా కప్పాలి. పైన స్లాబు బరువుకి ఊతం పెట్టాకే గోడ మీద చెయ్యి వెయ్యాలి. అదీ పై వరస నుంచి కిందికి విప్పుకుంటూ రావాలి. సమ్మెటతో మధ్యలో మోదితే పక్క గోడలు బీటలిస్తాయి. అందాకా మిషను ఇక్కడ ఉండకూడదు. మిషను కంపెనీ వాళ్ళ గోడౌనుకి తిప్పి పంపేద్దాం. వాళ్ళతో ఇప్పుడే మాట్లాడతాను.”

“ఎప్పటికవుతుంది?”

“వైర్లు చూశాక చెప్తానండీ. చూడకుండా ఇంకోసారి చెప్పలేను.”

డాక్టరమ్మ గోడని మళ్ళీ ఒకసారి తట్టి, అరచేతికంటిన దుమ్ము దులుపుకుంది.

“మేస్త్రిగారూ, రెండో బిల్డింగు మీకే ఇద్దామని కాగితాలు రాయించి పెట్టాను. ఇప్పుడూ ఇస్తాను. కాకపోతే సైటు ఈ అమ్మాయి చేతిలో ఉండాలి. ఏం చెయ్యాలన్నా ఈమె చెప్పాకే. మీ అబ్బాయి గారు ఆ గేటు లోపలికి రాకూడదు. మీకు సరేనంటే ఇవాళే సంతకాలు. కాదంటే వేరేవాళ్ళని చూసుకుంటాను. మాట్లాడుకోండి, నేను కారులో ఉంటాను.”

ఆవిడ వెళ్ళిపోయింది. పనివాళ్ళు మర్యాదగా మొహాలు అటు తిప్పుకున్నారు.

“నాన్నా…” అన్నాడు ఫినిషింగు బాబు. చిన్నపిల్లాడు బొమ్మ పోగొట్టుకుంటే అలాగే అంటాడు.

పెద్ద మేస్త్రి కొడుకుని చేత్తో ఆపి, కోడల్ని రమ్మని సైగ చేసి ఇసక కుప్ప దగ్గరికి నడిచారు. నిలబడలేనట్టు ఇసక మీదే కూలబడ్డారు. ప్లానమ్మకి కోపం కాస్త తగ్గింది. క్షమించమంటారని కాదు, ఆ వయసులో ఆ మాట ఆయన నోట రాదని తెలుసు. పని నిలబడింది కదా, ఆ సంతోషమైనా మొహంలో కనపడుతుందనుకుంది.

“అమ్మాయ్.”

“చెప్పండి మావయ్యగారూ.”

“వద్దని చెప్పు.”

“దేన్నండీ?”

“రెండో బిల్డింగు. నీకు తీరిక లేదనో, ఒంట్లో బాగుండదనో, ఏదో ఒకటి చెప్పు. నా అంతట నేను చెప్తే బాగుండదు.”

ఆవిడకి సరిగ్గా వినపడలేదనిపించింది. “నేను వద్దంటే ఆ పని మీకు రాదండీ. వేరేవాళ్ళకి పోతుంది.”

“తెలుసు.”

“పొద్దున్నుంచీ ఆ పని కోసమే కదండీ ఇంత గొడవా? దానికోసమే కదా నా పేరు తుడిపించారు?”

పెద్ద మేస్త్రి పిడికెడు ఇసక తీసి, వేళ్ళ సందుల్లోంచి జారనిచ్చారు. పొద్దుటి నుంచీ మొదటిసారి ఆవిడ కళ్ళల్లోకి చూశారు.

“పోతే పోనీ,” అన్నారు.

అంతే. ఆ మాటలో కోపం లేదు. కాస్త దయగా కూడా అన్నారు.

ప్లానమ్మ అక్కడే నిలబడిపోయింది. కంపెనీ మునిగిపోతుందని వీళ్ళంతా భయపడుతున్నారనుకుంది ఇంతసేపూ. ఆ భయాన్ని అర్థం చేసుకోబోయింది కూడా. అదేమీ కాదు. పని పోయినా ఈ మనుషులకి ఫరవాలేదు. కోడలి చేతి మీదుగా రావడమే వీళ్ళకి మింగుడుపడదు. జీవితమంతా పని పని అని కలవరించిన ఈ మనిషి, అంత పనినీ పిడికెడు ఇసక వదిలినంత తేలిగ్గా వదిలేశాడు. ఆవిడకి ఏడుపు రాలేదు. అసహ్యం వేసింది. ఈయన మాట కోసం ఇన్నాళ్ళూ ఎదురుచూసినందుకు తన మీద కూడా వేసింది.

ఏమీ అనకుండా కారు వైపు నడిచింది. దారిలో మొగుడు అడ్డంగా నిలబడ్డాడు. కళ్ళద్దాలు చేతిలోనే ఉన్నాయి. ఆ కళ్ళలో భయం ఆవిడ మొదటిసారి చూసింది. పక్కనుంచి తప్పుకుని వెళ్ళింది.

కారు అద్దం కిందికి దిగింది.

“ఏమన్నారు మీ మావగారు?” అంది డాక్టరమ్మ.

“వద్దని నన్నే చెప్పమన్నారండీ.”

డాక్టరమ్మ ఒక్క క్షణం ఇసక కుప్ప వైపు చూసింది. తర్వాత ఒళ్ళోని కాగితాలు తీసి, వాటి మీద పెన్ను పెట్టి, కిటికీలోంచి బయటికి చాపింది.

“చెప్పమన్నది చెప్పావు. కాగితాల్లో మీ మావగారి పేరు కొట్టేసి నీ పేరు రాసుకోవచ్చు. మరి నువ్వేమంటావ్?”